సందు చివర అడిగేది కూలే, దోపిడీ కాదు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో ఇల్లు మారిన వాళ్ళెవరినైనా కదిపి చూడండి. కొత్త ఇంట్లో నీళ్ళెట్లా వస్తున్నాయో, గాలి తగులుతోందో లేదో తర్వాత చెబుతారు. ముందు వినిపించేది హమాలీల మీద ఫిర్యాదు. "ఫోన్లో ఒక రేటు మాట్లాడినారు. సందు మొదట్లో బండి నిలిపి ఇంకో రేటు అడిగినారు. సామాను రోడ్డు మీద పెట్టుకొని ఏం చేస్తాం, ఇచ్చుకున్నాం." చిత్తూరు బజారు వీధి వెనకాల అడిగినా ఇదే పాట. వినేవాళ్ళు సాక్ష్యం అడక్కుండానే తలూపుతారు. ఆ వెంటనే ఒక సలహా కూడా వస్తుంది: లోకల్ జట్లను నమ్మొద్దు, ఇంటర్నెట్‌లో పేరున్న కంపెనీని పెట్టుకోండి, రేటు ముందే ఖాయమైపోతుంది, గొడవుండదు.

ఫిర్యాదు తప్పు. సలహా ఇంకా తప్పు. ఇరుకు సందులో ఇల్లు మార్చడమంటే లారీ పని కాదు, మోత పని. ఆ మోతను లెక్కలోకి తీసుకోకుండా కుదుర్చుకున్న రేటు ఒప్పందం అనిపించుకోదు. సందు మొదట్లో హమాలీ నోరు తెరిచి అడిగేది, అంతకుముందు ఇద్దరూ మాట్లాడకుండా దాటేసిన పనికి కూలి. దాన్ని దోపిడీ అనడం న్యాయం కాదు.

లెక్క వేసి చూద్దాం. రెండు పడకగదుల ఇల్లు. వంటసామాను, బట్టలు, పుస్తకాలు డబ్బాలకెత్తి, మంచాలు విప్పి, గ్రైండరు, టీవీ, కుర్చీలు, పూలకుండీలు అన్నీ కలుపుకుంటే 120 మోతలు అవుతాయనుకుందాం. పనికి నలుగురు వచ్చారు. మనిషికి 30 మోతలు. లారీ గేటు ముందుకొచ్చి నిలబడితే, గదిలోంచి బండికి 20 మీటర్లు. రానూ పోనూ 40. ఒక్కో మనిషి ఆ రోజు నడిచేది కిలోమీటరుంపావు కూడా ఉండదు. అదే లారీ సందు బయట 150 మీటర్ల దూరంలో ఆగిపోతే? ఒక్కో మోతకు 300 మీటర్ల నడక. ముప్పై మోతలకు 9 కిలోమీటర్లు. అందులో సగం బరువుతో. అలిపిరి నుంచి తిరుమలకు నడకదారి దాదాపు అంతే దూరం. మొక్కు ఉన్నవాళ్ళు జీవితంలో ఒకటి రెండుసార్లు ఆ దారి ఎక్కి, కాళ్ళు పీకుతున్నాయని వారం రోజులు చెప్పుకుంటారు. మనం మాత్రం ఆ దూరాన్ని బీరువాలతో, ఫ్రిజ్‌లతో నడిచిన మనిషిని పట్టుకొని, గేటు ముందు దించిన రేటే తీసుకో అంటున్నాం.

ఈ లెక్కలో ఇంకా మెట్లు కలపలేదు. ఇద్దరు పడితేగాని కదలని సామాను కలపలేదు. మన ఇళ్ళల్లో ఉండే మామూలు ఇనుప బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటుంది. దాన్ని సందులో తిన్నగా మోయడం కష్టం కాదు. మలుపు దగ్గర ఉంది చిక్కు. పక్కింటివాళ్ళ అరుగు అడుగున్నర ముందుకొచ్చి ఉంటుంది, ఎదురింటివాళ్ళ మెట్లు ఇంకో అడుగు. మిగిలిన చోట రెండు మోటారు సైకిళ్ళు. పైన చేతికందే ఎత్తులో కేబుల్ తీగలు. కింద మురుగు కాలువ మీద పరిచిన బండల్లో ఏది గట్టిదో ఏది ఊగేదో అడుగేస్తేగాని తెలియదు. బండ విరిగితే ఆ డబ్బు ఎవరివ్వాలన్నది మరో తగాదా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మనిషి మోసే బరువు మీద ఒక సిఫార్సు చేసింది, వయసు వచ్చిన మగవాడికైనా 55 కిలోలు దాటించకుండా చూడమని. ఆ కాగితం జెనీవాలో ఉంది. కొర్లగుంట సందులో గ్రైండరు రాయిని భుజానికెత్తుకున్నవాడికి చుట్టకుదురు ఒక్కటే దిక్కు.

మరి ఇంత పనిని మనం రేటులో ఎట్లా పట్టుకుంటున్నాం? ఒకే ఒక్క ప్రశ్నతో: "ఎన్ని బెడ్‌రూములు?" ఒక బెడ్‌రూముకింత, రెండింటికింత, మూడింటికింత. బెంగళూరు, హైదరాబాదు అపార్టుమెంట్లకు పుట్టిన లెక్క ఇది. అక్కడ గేటు దగ్గరికి లారీ వస్తుంది, పైకి లిఫ్టు పోతుంది. కాబట్టి గదుల సంఖ్య తెలిస్తే పని ఎంతో ఇంచుమించు తెలిసిపోతుంది. మన ఊళ్ళో కూడా అవిలాల వైపో, పద్మావతీపురం వైపో ఉన్న కొత్త అపార్టుమెంటుకు ఆ లెక్క సరిపోవచ్చు. కర్నాల వీధి పక్క సందుకో, జీవకోనలో కొండవాలుగా ఎక్కే దారికో అదే కొలత తీసుకొస్తే తప్పుతుంది. అక్కడ మూడు గదుల ఇల్లు రోడ్డు వారగా ఉంటే పూట పని. ఒంటి గది లోపల్లోపల మిద్దె మీద ఉంటే రోజు పని. రోజుకు రెండిళ్ళు మార్చే జట్టు ఆ రోజు ఒక్క ఇంటితో సరిపెట్టుకోవాలి. పోయిన రెండో బేరం డబ్బు ఎవరిస్తారు?

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదంలో బలమైన మాట ఒకటుంది, దాన్ని తప్పించుకోను. "వాళ్ళకు ఊరు తెలియదా? సందు పేరు చెప్పగానే బండి పోతుందో పోదో వాళ్ళకే ముందు తెలుసు. తెలిసీ తక్కువ చెప్పి, సామాను కదిలాక పెంచుతారు. అది మోసం కాకపోతే ఏంది?" నిజమే, కావాలని అట్లా చేసేవాళ్ళున్నారు. అయితే ఆ ఆటలో ఎవరు ఎక్కడ ఉంటారో గమనించండి. ఫోన్లో తక్కువ చెప్పి బేరం పట్టేవాడు ఒకడు, వాడు ఆఫీసులో ఉంటాడు, లేదా ఇంకో ఊళ్ళో ఉంటాడు. సందు మొదట్లో మన తిట్లు తినేవాడు మరొకడు. మొదటివాడు తన కమీషన్ పట్టుకున్నాక మిగిలిన దాంట్లో రెండోవాడు బాడుగ బండికీ, నలుగురు మనుషులకీ సర్దాలి. పెంచమని అడిగే నోరు వాడిదే కాబట్టి దొంగ వాడే అనుకుంటాం. పైగా ఆ తక్కువ రేటును ఎంచుకున్నదెవరు? నలుగురికి ఫోన్ చేసి, "సార్, సందు చూసి చెప్తాం" అన్న నిజాయితీపరుడిని పక్కనపెట్టి, చూడకుండానే తక్కువ చెప్పినవాడికి అడ్వాన్సు పంపింది మనమే. చూసి చెబుతానన్నవాడు రెండుసార్లు బేరం పోగొట్టుకున్నాక మూడోసారి వాడూ చూడకుండానే చెబుతాడు. అబద్ధానికి గిరాకీ ఉన్న చోట నిజం చెప్పి ఎవడూ బతకలేడు.

ఇంకొందరు కేరళను లాక్కొస్తారు. అక్కడ 'నోక్కు కూలి' అని ఒకటుండేది: పని చేయకుండా, వేరేవాళ్ళు దించుతుంటే చూస్తూ నిలబడినందుకు కూలి అడగడం. 2018 మే 1 నుంచి కేరళ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ తర్వాత కూడా, 2021లో, తుంబాలోని విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రానికి భారీ పరికరం తెచ్చిన బండిని కొందరు అడ్డుకొని డబ్బు డిమాండ్ చేశారన్న వార్త దేశమంతా పాకింది. కేరళ హైకోర్టు గట్టిగా మందలించింది. అది దోపిడీయే, సందేహం లేదు. కానీ మన తీర్థకట్ట వీధి హమాలీకీ దానికీ సంబంధమేమిటి? ఇతను చూస్తూ నిలబడలేదు. మోసేది ఇతనే, అడిగింది తాను మోయబోయే దూరానికే. అసలు కేరళ నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అక్కడ 1978 నుంచి తలమోత కార్మికులకు విడిగా చట్టం ఉంది, కూలి రేట్లు ముందుగా ఖరారు చేసే ఏర్పాటు ఉంది. అంతకు తొమ్మిదేళ్ళ ముందే మహారాష్ట్ర మాథాడీ, హమాలీ కార్మికుల చట్టం తెచ్చింది. మోతను పనిగా గుర్తించి, దానికి ధర కట్టవచ్చని ఆ రాష్ట్రాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి.

అంత దూరమెందుకు, తిరుపతి రైల్వే స్టేషనుకే పోండి. లైసెన్సు పోర్టర్లకు బరువును బట్టి రేటు రైల్వేనే నిర్ణయిస్తుంది. 2016 రైల్వే బడ్జెట్‌లో వాళ్ళ పేరు 'సహాయక్' అని మార్చారు గానీ రేటు పద్ధతి పాతదే. మార్కెట్ యార్డులో బస్తాకు హమాలీ ఎంతో ముందే నిర్ణయమై ఉంటుంది, రైతు రోజూ బేరమాడడు. ఇంటి సామాను దగ్గరికొచ్చేసరికి మాత్రం ధర కట్టే పద్ధతే లేదు. ఈ లోటును హమాలీ గుణం మీదికి నెట్టేయడం మనకు అలవాటైంది.

గ్యాస్ సిలిండర్ సంగతి వేరు, దాన్ని దీంతో కలపకూడదు. సిలిండర్ ధరలోనే ఇంటికి చేర్చే ఖర్చు కలిసి ఉంటుంది, దానికి రసీదు ఉంటుంది. మీద అడిగితే ఇవ్వనవసరం లేదు. (మూడో అంతస్తుకు మోసుకొచ్చిన పిల్లవాడికి మనసొప్పి ఇచ్చుకుంటే అది మీ ఇష్టం.) ఇంటి మార్పుకు ఆ ముందస్తు లెక్క జరగలేదు కనుకనే మీద అడగడం అనే మాటకు ఇక్కడ అర్థం లేదు. దేని మీద?

ఇక పేరున్న కంపెనీని పెట్టుకోమనే సలహా. కంపెనీల పని తీరు ఇట్లా ఉంటుంది. వెబ్‌సైట్‌లో వివరాలు నింపగానే చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఫోన్ వస్తుంది. గోల్డు ప్యాకింగు, బబుల్ షీటు, ఇన్సూరెన్సు అని చెబుతారు. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమంటారు. మీరు హాలు చూపిస్తారు, వంటగది చూపిస్తారు, అటక మీద అమ్మమ్మ కాలంనాటి ఇత్తడి గంగాళం కూడా చూపిస్తారు. గేటు దాటి బయటికి పోయి సందు చూపించమని వాళ్ళు అడగరు, మీకూ తట్టదు. చెప్పిన రోజున 14 అడుగుల ఐషర్ బండి గాంధీ రోడ్డులో ఆగుతుంది. అక్కడి నుంచి సామాను తేవడానికి టాటా ఏస్ ఒకటి బాడుగకు కావాలి. ఏస్ వెడల్పు మీటరున్నర, చాలా సందుల్లో అది దూరుతుంది, కొన్నింట్లో అదీ దూరదు. ఆ ఏస్ బాడుగ కొటేషన్‌లో లేదు. మోసే మనుషులెవరని చూస్తే, మీరు నమ్మొద్దనుకున్న ఆ లోకల్ జట్టే. కంపెనీ వాళ్ళనే రోజు కూలికి పిలిపించింది. మీరు ఇచ్చింది పెద్ద రేటు, వాళ్ళకు చేరింది చిన్న కూలి, గొడవ మాత్రం అదే సందులో అదే మనుషులతో. కంపెనీ వల్ల ఉపయోగం లేదనను. ఊరు దాటి పోయే సామానుకు రసీదు, బాధ్యత అవసరం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు అందుకున్నట్టు రవాణాదారు రసీదివ్వాలి. నష్టం జరిగితే, సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు పంపాలి. సామాను విలువ ముందే రాయించకపోతే పరిహారానికి పరిమితి పడుతుంది. ఇవన్నీ లారీ ప్రయాణానికి పనికొచ్చేవి. 150 మీటర్ల సందుకు ఏ బ్రాండూ అడ్డదారి కనిపెట్టలేదు.

సందులున్నంత కాలం ఇంతే, రోడ్లు వెడల్పు చేస్తే అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్ళు మరో రకం. తిరుపతికి ఫ్లైఓవరు వచ్చింది. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ప్రారంభమైంది. మాస్టర్ ప్లాన్ రోడ్లు పడ్డాయి. మంచిదే. ఐషర్ బండి ఊళ్ళోకి త్వరగా వస్తుంది, త్వరగా వచ్చి అదే సందు మొదట్లో ఆగుతుంది. మాడవీధులు రథం తిరిగేందుకు వెడల్పుగా వేసినవి. వాటి నుంచి చీలిన సందులు మనుషులు నడిచేందుకు మిగిలినవి. ఈ ఊరు లారీల కాలంలో కట్టింది కాదు. కపిలతీర్థం వైపున్న పాత కొత్తూరు నుంచి జనం కదిలి, 1130 ప్రాంతంలో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని చెప్పే గుడి చుట్టూ ఇళ్ళు కట్టుకున్నారు. అంటే ఊరే ఒకసారి ఇల్లు మారింది, తలల మీదా ఎద్దుబండ్ల మీదా. 1944లో ఘాట్ రోడ్డు తెరిచేదాకా తిరుమల కొండకు చేరిన ప్రతి బియ్యపు గింజా, ప్రతి పాత్రా మోటారు ఎరగకుండానే చేరింది. నడవలేని భక్తులను డోలీల్లో మోశారు. ఇంత మోత చరిత్ర ఉన్న చోట, మోతను దాచిపెట్టవలసిన ఖర్చుగా చూడటం నాకు వింతగానే ఉంటుంది.

ఆమ్‌స్టర్‌డాంలో పాత ఇళ్ళ మెట్లు మరీ ఇరుకు. అందుకని కప్పు కింద గోడలోంచి ఒక దూలం, దానికి కొక్కెం ముందే పెట్టి కట్టారు. సామాను తాడుతో కిటికీలోంచి పైకి పోతుంది. మన దగ్గరా అనుభవమున్న జట్లు మిద్దె పిట్టగోడ మీంచి గోనెపట్టలు కప్పి, తాళ్ళు కట్టి బీరువాను దించుతాయి. ఆ నేర్పు కూలీ బజారులో ఎవరికంటే వాళ్ళకు రాదు. దానికి ఎక్కువ అడిగితే మాత్రం, తాడుకింత డబ్బా అంటాం.

రేటు పెరగడంలో మన చేతి వాటా ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ ఒప్పుకోరు. ఆషాఢంలో మారం, భాద్రపదంలో మారం, పుష్యంలో మారం. మంగళవారం పనికిరాదు. అందరం మంచి రోజనుకున్న అదే రోజున, తెల్లవారకముందు పాలు పొంగించి, పదిగంటలకల్లా సామాను దిగాలంటాం. పిల్లల బళ్ళు తెరిచే ముందు మే, జూన్‌లలో రద్దీ. సరిగ్గా ఆ రోజుల్లోనే గంగజాతర, గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు. వాహనసేవ వీధిలో ఉండగా బండి కదలదు, కదలకూడదు కూడా. ముహూర్తం మీ విశ్వాసం, కాదనను. కానీ ఊళ్ళో ఉన్న పది జట్లను నలభై ఇళ్ళవాళ్ళు ఒకే పొద్దున పిలిచినప్పుడు రేటు పెరగడం హమాలీల కుట్ర కాదు. పాలు ఆ రోజు పొంగించి, బరువు సామాను రెండు రోజుల తర్వాత మార్చుకుంటే ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు.

ఇంటి ఓనర్లనూ వదలను. టు-లెట్ బోర్డు పెట్టి, అడిగినవాళ్ళకు "బండి ఇంటి దాకా వస్తుంది" అని చెప్పేది వీళ్ళు. వచ్చేది స్కూటరు. ఆసుపత్రి ఉద్యోగమో, యూనివర్సిటీలో చదువో వచ్చి కొత్తగా ఊళ్ళో దిగేవాళ్ళు ఆ మాట నమ్మి లారీ మాట్లాడుకుంటారు. సందు వెడల్పు ఎంత, ఏ బండి ఎక్కడిదాకా వస్తుంది, మలుపులెన్ని అన్నవి బాడుగ, అడ్వాన్సు చెప్పినంత స్పష్టంగా చెప్పడం ఓనరు బాధ్యత. దాచితే ఆ అదనపు కూలిలో సగం అతనే భరించాలన్నది నా అభిప్రాయం, నవ్వేవాళ్ళు నవ్వొచ్చు.

కాబట్టి జట్టును మాట్లాడుకునే ముందు మేస్త్రీని ఇంటికి పిలవండి. రాలేనంటే ఫోన్ పట్టుకొని లారీ ఆగే చోటు నుంచి గేటు దాకా నడుస్తూ వీడియో తీసి పంపండి. రెండు నిమిషాల పని. పాత ఇంటి సందుకొకటి, కొత్త ఇంటి సందుకొకటి. బీరువా, ఫ్రిజ్, మంచం కొలతలు విడిగా చెప్పండి. చిన్న బండి బాడుగ ఎవరిది, కాలువ బండ విరిగితే ఎవరిది, మెట్లకు ఎంత అని అడిగి, ఒప్పుకున్నది వాట్సాప్‌లో రాయించుకోండి. ఆ తర్వాత కూడా సందు మొదట్లో రేటు పెంచితే అప్పుడది మోసమే. సామాను పట్టుకొని బెదిరిస్తే పోలీసులకు చెప్పండి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోండి, 2019 చట్టం మీరు నివసించే చోటనే కేసు వేసుకోనిస్తుంది. రాత చేతిలో ఉంటే మీ మాట నిలబడుతుంది. సందు గురించి ఒక్క ముక్కా రాసుకోకపోతే నిలబడదు, నిలబడనక్కర్లేదు కూడా.

రైల్వే స్టేషనులో చేయగలిగింది నగరపాలక సంస్థ, కార్మిక శాఖ కలిసి ఊళ్ళో చేయగలవు: దూరానికి, మెట్లకు, బరువుకు ఇంత అని ఒక మోత రేటు పట్టిక ప్రకటించి, జట్లను నమోదు చేసుకోవచ్చు. హమాలీ సంఘాలు దీన్ని అడగాలి, ఇల్లు మారే మధ్యతరగతి వాళ్ళూ అడగాలి. అది వచ్చేదాకా, బెడ్‌రూములు లెక్కపెట్టి రేటు చెప్పేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి. సందు చూసి రేటు చెబుతానన్నవాడికి ఇవ్వండి, వాడి రేటు ఎక్కువైనా సరే.